బుగులుకు అన్‌ఫిట్ ఇయ్యరు

టెన్నిస్‌లో ప్రతి దెబ్బకూ ఎదుటి మనిషి ప్రమేయం ఉంటుంది, ఒక్క సర్వ్‌కు తప్ప. బంతి మన చేతిలోనే ఉంటుంది, మనం ఎగరేస్తేనే ఎగురుతుంది. గాలి మరీ విపరీతంగా ఉంటే తప్ప ఎవరి మీదా నెపం వేయడానికి వీల్లేదు. చిన్నప్పుడు ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఎవరి దయా అక్కరలేని పని ఒకటి దొరికిందని మురిసిపోయేదాన్ని. సరిగ్గా ఆ పనికే నాకు భయం పట్టుకుంది, అదీ ఆటే బతుకుతెరువు అయిన తర్వాత.

మా వైపు భయాన్ని బుగులు అంటారు. భయం అనే మాటకు కొంచెం మర్యాద ఉంది, పుస్తకాల్లో రాసుకోవచ్చు. బుగులుకు మర్యాదా మప్పితం లేదు. అది కడుపులో పుట్టి మోకాళ్లలోకి దిగుతుంది, అన్నం ముద్దను గొంతులోంచి వెనక్కి తెస్తుంది. నాకు పట్టింది బుగులే.

గుండె దడ గురించి కాదు నేను చెప్పేది. దడతో ఎన్నో ఏళ్లు ఆడాను, గెలిచాను కూడా. ఇది ఎడమచేతి వేళ్లలో ఉండేది. బంతిని ఎగరేసే చేయి అది. తీరా ఎగరేయబోయే క్షణానికి వేళ్లు బంతిని వదిలేవి కావు. ఆలస్యంగా వదిలితే అది నా నెత్తి మీదుగా వెనక్కి పోయేది. అవతలి అమ్మాయికి సారీ చెప్పి, బంతిని మళ్లీ నేలకు కొట్టడం మొదలుపెట్టేదాన్ని. కొడుతూనే ఉండేదాన్ని. నేలకు కొడుతున్నంతసేపూ ఎగరేయనక్కర్లేదు కదా. అంపైర్ కుర్చీలోంచి వంగి చూసేవాడు. అవతలి అమ్మాయి రాకెట్ గిరగిరా తిప్పుతూ, ఈమెకు ఏమొచ్చింది అన్నట్టు మొహం పెట్టేది. ఆ మొహం మీద ఒక్కటి ఇచ్చుకోవాలనిపించేది, నిజం చెప్తున్నాను.

మొదటిసారి అది జరిగినప్పుడు నేను గెలుస్తున్నాను. ర్యాంకులో నాకన్నా చాలా పైనున్న అమ్మాయి మీద, ఇంకొక్క గేమ్ తీసుకుంటే మ్యాచ్ నాది. సర్వ్ కూడా నాదే. ఆ గేమ్‌లో డబుల్ ఫాల్ట్ మీద డబుల్ ఫాల్ట్ చేసి, ఆ అమ్మాయి ఒక్క బంతీ కొట్టనక్కర్లేకుండా గేమ్‌ను చేతిలో పెట్టాను. తర్వాత సెట్టు పోయింది, మ్యాచ్ పోయింది. గదికి వచ్చి ఫోన్ తెరిస్తే ముక్కూమొహం తెలియనివాళ్ల మెసేజీలు. మా ఆటల మీద పందేలు కాసేవాళ్లు ఎక్కడెక్కడో ఉంటారు, ఎంత చిన్న టోర్నీ అయినా వదలరు. చేతులు నరికేస్తామని ఒకడు. నీ గది నంబరు తెలుసని ఒకడు. ఇంకొకడు మా ఇంటి ఫొటో పంపాడు. మా అమ్మానాన్నలు, అంటే అవ్వా బాపూ, గుమ్మంలో నిలబడ్డ ఫొటో అది, నేనే ఎప్పుడో మురిపెంగా పెట్టుకున్నాను. దాని కింద ఒక్క మాట కూడా రాయలేదు. తిట్లకన్నా ఆ రాయకపోవడానికే నేను ఎక్కువ వణికాను. తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

టోర్నీ పెద్దమనిషికి చూపిస్తే, "ఇవి అందరికీ వచ్చేవేనమ్మా, బ్లాక్ చేసేయ్" అన్నాడు. అందరికీ వచ్చేది జలుబు. మా అవ్వ ఫొటో అందరికీ రాదు. ఆ మాట ఆయన మొహం మీదే అనాల్సింది, అనలేదు, తల ఊపి వచ్చాను. వచ్చే వారం కూడా ఆయన టోర్నీలోనే ఆడాలి మరి.

ఆగుదామంటే మా ఆటలో ఆగనివ్వరు. పోయినేడాది ఈ వారం గెలుచుకున్న పాయింట్లు ఈ ఏడాది ఇదే వారానికి రాలిపోతాయి. కౌలు పొలం లాంటిదే. నిరుడు ఎంత పండించావన్నది ఈ ఏడు ఎవరికీ పట్టదు. ర్యాంకు పడిపోతే చిన్న టోర్నీలకు పోవాలి, వాటిలో గెలిస్తే వచ్చేది టికెట్లకే చాలదు. కాబట్టి ఒంట్లో బాగాలేకపోయినా రైలెక్కాలి. ముక్కూమొహం తెలియని అమ్మాయితో గది పంచుకోవాలి, రేపు ఆమెతోనే ఆడాల్సి రావచ్చు. ఇద్దరం ఒకే పప్పు అన్నం తిని, ఒకరికొకరు వినపడకుండా స్నానాలగదిలో ఏడ్చిన రోజులున్నాయి. పొద్దున్నే లేచి "ఆల్ ది బెస్ట్" చెప్పుకునేవాళ్లం.

ఎవరో చెప్తే ఫోన్‌లో ఒక మేడంతో మాట్లాడాను. ఆటగాళ్ల మనసు బాగుచేసే డాక్టరు. మంచావిడ, గొంతు మెత్తగా ఉంటుంది. "కళ్లు మూసుకో. నీకు భద్రంగా అనిపించే చోటు ఒకటి ఊహించుకో" అంది. మూసుకున్నాను. మా క్వార్టర్ కనిపించింది. క్వార్టర్ కనిపించగానే బాపు షిఫ్టు గుర్తొచ్చింది. ఇప్పుడు కింద ఉన్నాడా, పైకి వచ్చాడా అనుకుంటూ కళ్లు తెరిచాను. మేడం "ఇప్పుడెలా ఉంది?" అని అడిగింది. "చాలా బాగుంది మేడం" అన్నాను. ఆమెను నొప్పించడం ఎందుకని.

బాపు బొగ్గుబాయి కార్మికుడు. బయటివాళ్లు గని అంటారు, మేం బాయి అంటాం. మంచిర్యాల నుంచి చెన్నూరు వైపు పోయే దారిలో ఒక కాలనీ మాది. వరసగా క్వార్టర్లు, ఆరేసిన బట్టల మీద నల్లటి దుమ్ము. కాలనీ చివర ఆఫీసర్ల క్లబ్బు, క్లబ్బులో సిమెంటు టెన్నిస్ కోర్టు. ఎండాకాలం సెలవుల్లో కార్మికుల పిల్లలను కూడా రానిచ్చేవారు. మిగతా పిల్లలు షర్బత్ కోసం వచ్చి షర్బత్ అయిపోగానే పోయేవాళ్లు. నేను ఉండిపోయాను.

బాపుకు ఆట అర్థం కాదు. ఇప్పటికీ కాదు. పదిహేను, ముప్పై అయ్యాక నలభై ఎందుకు వస్తుందని అడుగుతాడు, నాకు మాత్రం ఏం తెలుసు? కానీ నన్ను కరీంనగర్‌లో స్టేడియానికి తిప్పింది ఆయనే. రాత్రి షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి, నన్ను తీసుకుని బస్సెక్కేవాడు. అక్కడ నేను ఆడుతుంటే మెట్ల మీద తువ్వాల మొహాన వేసుకుని నిద్రపోయేవాడు. బంతి చప్పుడు ఉన్నంతసేపూ నిద్ర. చప్పుడు ఆగితే మాత్రం టక్కున లేచి కూర్చునేవాడు. బాయిలో పనిచేసేవాళ్లకు అలవాటు అది, చప్పుడు ఆగితే ఏదో అయిందని.

మా ఇంట్లో బాయికి పోయేవాణ్ణి ఎప్పుడొస్తావని అడగరు. "పైలం" అంటారు. జాగ్రత్త అని. అవ్వ గుమ్మం దాకా వచ్చి ఆ ఒక్క మాట అని లోపలికి పోతుంది. నేను టోర్నీలకు పోవడం మొదలుపెట్టాక నాకూ అదే వర్తించింది. గెలిచి రా అని ఎన్నడూ అనలేదు ఆమె. "పైలం బిడ్డా" అనేది. ఇద్దరం ఏదో చోట చావుకు ఎదురుపోతున్నట్టే ఉండేది ఆమె వాలకం. నాకు నవ్వొచ్చేది అప్పట్లో.

బుగులు పట్టిన ఏడాది తర్వాత, ఎండాకాలంలో, భుజం నొప్పి అని అబద్ధం చెప్పి ఇంటికి వచ్చాను. భుజానికేం కాలేదు, రాయిలా ఉంది. కానీ చేయి బంతిని వదలడం లేదని ఎవరికి చెప్పుకోను? భుజం అంటే అందరూ అయ్యో అంటారు. బుగులు అంటే, ఇన్నేళ్లు ఆడి ఇప్పుడు బుగులేందే అంటారు.

ఇంటికి వచ్చిన మర్నాడే ఎదురు క్వార్టర్ పెద్దమ్మ వచ్చి మా ఇంటి ముందు గద్దె మీద కూర్చుంది. ఆమె వచ్చిందంటే ఊరికే రాదు. నన్ను పైనుంచి కిందికి చూసి, "టీవీల ఎన్నడు జూపెడుతరే నిన్ను?" అంది. ఆ ప్రశ్న ఆమె నేను స్కూల్లో ఉన్నప్పటి నుంచీ అడుగుతోంది. నేను నవ్వి ఊరుకున్నాను. అప్పుడు అసలు సంగతికి వచ్చింది.

"మీ బాపుకు జెప్పరాదే, అన్‌ఫిట్ వెట్టుకోమని? ఇగ సర్వీసెంతున్నది? దినాలు దగ్గరవడ్డంక వెడితె కొలువు రాదాయె. నీ వయసు సుత దాటవట్టె. మా పెద్దోడు జూడు, వాళ్ల బాపు కొలువుల సల్లగ జేసుకుంటుండు."

మా కాలనీల్లో అందరికీ తెలిసిన దారి ఇది. కార్మికుడు డాక్టర్ల బోర్డు ముందుకు పోవాలి. ఇక ఇతను బాయి పనికి పనికిరాడని, అంటే అన్‌ఫిట్ అని, వాళ్లు రాసిస్తే, ఆ కొలువు ఇంట్లో ఒకరికి ఇస్తారు. ఒకప్పుడు కొడుకులకే, ఇప్పుడు బిడ్డలకూ. అలాగని ఎప్పుడంటే అప్పుడు కుదరదు. తండ్రికి సర్వీసు కొంత మిగిలి ఉండాలి, పిల్లల వయసు దాటిపోకూడదు. మా ఇంట్లో రెండూ అంచుకు వచ్చాయి. నాకు అక్కాచెల్లెళ్లు లేరు, అన్నదమ్ములు లేరు. వస్తే నాకే రావాలి.

అవ్వకు అదే కావాలి. బాపు బాయి నుంచి బయటపడాలి, నేను రైళ్ల నుంచి బయటపడాలి, ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. బాపు ఒప్పుకునేవాడు కాదు. "బిడ్డ ఆడుతున్నది గదనే" అనేవాడు. ఆ మాటతో గొడవ ఆగిపోయేది. నేను ఆడుతున్నాను కాబట్టి. నేను ఆడుతున్నాను అనే మాట మా ఇంట్లో ఎదురులేనిది అయిపోయింది. అది విన్నప్పుడల్లా లేచి వాకిట్లోకి పోయేదాన్ని.

ఆ వారం బాపుది పొద్దుటి షిఫ్టు. మధ్యాహ్నం వచ్చి పడుకుని, ఎండ తగ్గాక నాతో క్లబ్బు కోర్టుకు వచ్చేవాడు. భుజానికి మెల్లగా అలవాటు చేయాలి కదా అని ఆయన ఉద్దేశం. బుట్ట నిండా పాత బంతులు. నేను ఫోర్‌హ్యాండ్లు కొట్టేదాన్ని, అవి బాగానే పోయేవి. సర్వ్ మాత్రం భుజం సాకు చెప్పి తప్పించుకునేదాన్ని. ఒకరోజు ఒక్కటి కొట్టి చూపించమన్నాడు. ఎదురుగా ఎవరూ లేరు. పాయింట్లు లేవు, అంపైర్ లేడు, ఆటే తెలియని బాపు తప్ప ఒక్క మనిషి లేడు. బంతిని నేలకు కొట్టాను, కొడుతూ ఉన్నాను. చేయి పైకి లేవలేదు.

"నొస్తున్నదా?" అన్నాడు బాపు.

"ఆఁ. మస్తు నొస్తున్నది" అన్నాను.

ఆయన బంతులు ఏరుకుంటూ వంగాడు. వంగినవాడు వెంటనే లేవలేకపోయాడు, మోకాలి మీద చెయ్యి ఆనించి ఒక్కొక్క మెట్టూ ఎక్కినట్టు లేచాడు. ఆయన నడుము సంగతి నేను చూశాను, నా చేయి సంగతి ఆయన చూశాడు. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా ఇంటికి వచ్చాం.

రెండు మూడు రోజుల తర్వాత బాపు సద్ది డబ్బా ఇంట్లోనే మరిచిపోయి పోయాడు. నాకు తెలిసి ఎన్నడూ మరిచిపోలేదు. అవ్వ ఆ డబ్బాను చూసి పొయ్యి ముందే నిలబడిపోయింది. మరిచిపోవడం మంచిది కాదని ఆమె అనలేదు, ఆమె ముఖమే అంది. నేను డబ్బా తీసుకుని ఇంట్లో ఉన్న పాత స్కూటీ మీద బాయికి పోయాను. గేటు దగ్గర కాపలా ఆయనకు నేను తెలుసు. "టెన్నిస్ బిడ్డవు గదా? పో, ల్యాంపు రూం కాడున్నడు. ఇంక దిగలే" అన్నాడు.

ల్యాంపు రూం అంటే కిందికి దిగేవాళ్లు నెత్తికి పెట్టుకునే దీపాలు తీసుకునే చోటు. షిఫ్టు వాళ్లు అప్పటికే దిగిపోయారు. బయట సిమెంటు బల్ల మీద బాపు ఒక్కడే ఉన్నాడు. నెత్తిన టోపీ, నడుముకు బ్యాటరీ, అన్నీ సర్దుకునే ఉన్నాడు. వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. కట్టి, ముడి లాగి చూసుకుని, విప్పాడు. మళ్లీ కట్టాడు. మళ్లీ విప్పాడు. పిలుద్దామని నోరు తెరిచినదాన్ని ఆగిపోయాను.

తోటి కార్మికుడొకడు వెనక్కి వచ్చి, "కాకా, దిగుదామా?" అన్నాడు.

"నువ్వు నడువు. వస్త" అన్నాడు బాపు. అతను పోయాక ఇంకో కాలి బూటు మొదలుపెట్టాడు.

ఎవరూ చెప్పనక్కర్లేదు నాకు అదేమిటో. నేను బంతిని నేలకు కొడుతూ ఉంటానే, అదే ఇది. లేసు కడుతున్నంతసేపూ దిగనక్కర్లేదు. ఇన్నేళ్లుగా మా ఇంట్లో బుగులు లేని మనిషి ఒక్కడున్నాడని, అది బాపేనని, నేను ధైర్యంగా ఉన్నానంటే ఆయన్ని చూసే ఉన్నానని అనుకున్నాను. పునాదే కదిలిపోయింది. పోయి ఆయన పక్కన కూర్చున్నాను, డబ్బా మధ్యలో పెట్టి.

ఆయన నన్ను చూసి లేసు వదిలేశాడు.

"ఎన్నటిసంది బాపూ?" అన్నాను.

ఏంది అని బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు. "పోయినేడు వానకాలం మా జాగల బండ వడ్డది" అన్నాడు. అంటే బాయిలో నెత్తి మీది కప్పు కూలింది. "నేను పక్కపొంటే ఉన్న. ఎవ్వలకేం గాలే. దుమ్ము గొట్టింది, గంతే. మీ అవ్వకు చెప్పలే. గప్పటిసంది గీ బల్ల మీదికెల్లి లేవబుద్ధి గాదు. దిగినంక మల్ల ఏం లేదు. దిగేదాకనే."

"డాక్టర్లకు చెప్పరాదు? అన్‌ఫిట్ ఇయ్యమను."

బాపు నవ్వాడు. "బుగులుకు అన్‌ఫిట్ ఇయ్యరు బిడ్డా. కండ్లు జూస్తరు, గుండె జూస్తరు, నడుము జూస్తరు. బుగులు ఏడ జూస్తరు?"

మా దగ్గరా అంతే. మ్యాచ్ మధ్యలో చీలమండ మడతపడితే డాక్టరు పరిగెత్తుకొస్తుంది, ఆట ఆపి కట్టు కడుతుంది. చేయి బంతిని వదలడం లేదంటే ఆగదు. ఆ మాట ఆయనకు చెప్పాలనిపించింది, చెప్పలేదు.

"నడుముకు ఇస్తరు గదా మరి? నీ నడుము లేస్తలేదు. నేను జూసిన" అన్నాను.

దొరికిపోయినట్టు తల దించుకున్నాడు. "నడుముకు ఎన్నడో ఇస్తుండె. నేనే పోలే."

"ఎందుకు పోలే?"

"నేను అన్‌ఫిట్ అయితె కొలువు ఇంటికొస్తది. వస్తె మీ అవ్వ ఊకుంటదా? నిన్ను ఆట ఇడిసిపెట్టిచ్చి కొలువుల వెడుతది. నీకు గా ఆటంటె పానం. నేను ఇంకిన్ని దినాలు దిగితె ఏంబోయింది? నువ్వు మంచిగ ఆడుకుంటవ్."

నేను నోరు తెరిచాను. ఈలోగా లోపలి నుంచి ఎవరో ఆయన్ని గట్టిగా కేకేశారు. బాపు లేచాడు, లేసు ఒకటి సగం కట్టి ఉంది, దాన్ని ఒక్క గుంజు గుంజి డబ్బా తీసుకున్నాడు.

"పైలం" అన్నాను. అవ్వ గొంతే వచ్చింది నాలోంచి.

ఆయన దిగిపోయాడు. నేను ఇంటికి పోలేదు. అవ్వకు ఫోన్ చేసి, స్నేహితురాలింట్లో ఉన్నానని చెప్పి, గేటు పక్క క్యాంటీన్‌లో కూర్చున్నాను. షిఫ్టు అయ్యేదాకా కూర్చున్నాను. చాయ్ తాగుతూ ఒకే ఒకదాన్ని చూస్తూ ఉన్నాను, ఎండలో నిలబెట్టిన అంబులెన్స్‌ను. అది కదలనంతవరకు అందరూ బాగున్నట్టు. డ్రైవరు ఒకసారి తలుపు తెరిచాడు, నా ప్రాణం పోయింది. వాడు తంబాకు డబ్బీ తీసుకుని తలుపు వేశాడు. కిందెక్కడో బ్లాస్టింగ్ చేస్తే బల్ల మీది గ్లాసు సన్నగా అదిరింది. క్యాంటీన్ ఆయన గ్లాసు అదరడం చూడను కూడా లేదు. అవ్వ ఇలాంటి పూటలు ఎన్ని గడిపి ఉంటుందో లెక్కపెట్టబోయి మధ్యలో వదిలేశాను.

అక్కడ కూర్చున్నప్పుడే మా ఇద్దరి తెలివి నాకు పూర్తిగా బోధపడింది. ఆయన దిగుతున్నది నేను ఆడుకోవాలని. నేను ఆడుతున్నది ఆయన అన్నేళ్లు దిగింది వృథా కాకూడదని. ఆడాలని లేదు నాకు. ఏడాదిగా లేదు. పొద్దున లేవగానే, ఈరోజు వాన పడి ఆట రద్దయితే బాగుండునని మొక్కుకునే మనిషిని ఆడుకోవడం అంటారా? ఆపుతానని ఒక్కసారి అంటే సరిపోయేది. ఆయన ముందు అనలేకపోయాను. ఆయన నా ముందు అనలేకపోయాడు. ఒకరి మీద ఒకరికి ఉన్న ప్రేమతో ఒకరినొకరు చంపుకుంటున్నామని అర్థమైంది. ఆ పూట అంబులెన్స్ కదిలి ఉంటే ఈ సంగతి నేను ఎవరికీ చెప్పకుండానే బతకాల్సి వచ్చేది.

షిఫ్టు ముగిసిన సైరన్ మోగింది. మనుషులు రావడం మొదలైంది. అందరివీ నల్లటి మొహాలే, అందరి నెత్తినా టోపీలే. ఒక్కొక్కణ్ణీ నడకను బట్టి పోల్చుకుంటూ నిలబడ్డాను. ఇతను కాదు, ఇతను కాదు. జనం పలచబడ్డారు. బాపు కనపడలేదు. గేటు కమ్మీ పట్టుకున్నాను, నా ఎడమచేతి వేళ్లు దాన్ని వదలడం లేదు. పొద్దున "కాకా, దిగుదామా" అన్నవాణ్ణి చూసి అడుగుదామని అడుగు వేయబోతుంటే, అందరికన్నా వెనక, నడుము మీద చెయ్యి వేసుకుని వస్తూ కనిపించాడు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా అక్కడే ఏడ్చాను.

ఆయన టీవీఎస్ బండి పక్కన నిలబడి, తువ్వాలతో మొహం తుడుచుకుంటుంటే చెప్పాను. "బాపూ, నేనిగ ఆట ఆడ."

తువ్వాల ఆగిపోయింది. "బుజం నొస్తున్నదని ఆటే ఇడిసిపెడుతవా…"

"బుజం మంచిగనే ఉన్నది. అబద్దమాడిన."

"మరి? పొద్దుగాల నేను జెప్పిన ముచ్చటకా? నా కోసమా?"

అవునంటే అయిపోతుంది. రేపు మళ్లీ ఆ బల్ల మీద లేసు కట్టుకుంటాడు, ఎల్లుండీ కట్టుకుంటాడు. ఆయన కోసం కాదని చెప్పాలంటే, ఎవరి కోసమో చెప్పాలి. రెండో మాట చెప్పడం నాకు చచ్చేంత కష్టంగా ఉంది. ఆయన బస్సుల్లో తిప్పింది, మెట్ల మీద నిద్రపోయింది, అంతా ఈ మాట వినడానికా అనిపించింది.

"నీ కోసం గాదు. నాకు బుగులైతున్నది బాపూ. బంతి ఎగరేయ వస్తలేదు. చెయ్యి వదుల్తలేదు. ఏడాది ఆయె."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. "గా ఎగరేసుడే వస్తలేదా?" అన్నాడు, ఆటలో మొదటిసారి ఏదో అర్థమైనట్టు.

"అదే వస్తలేదు."

"లేసు లెక్క" అన్నాడు.

"లేసు లెక్కనే."

బాపు నేల మీద కూర్చుండిపోయాడు. బూట్లు రెండూ విప్పి పక్కన పెట్టాడు. అంత నల్లటి ఒంటికి ఆ పాదాలు మాత్రం తెల్లగా ఉన్నాయి. "అయితె నేను రేపు దిగ. నడుముకు బోర్డుకు పోత" అన్నాడు. అని తలెత్తాడు, అప్పుడు చూశాను ఆయన ముఖం. బొగ్గు మీది నుంచి నవ్వు మొత్తం కనపడుతోంది, కళ్లు తడిగా ఉన్నాయి. ఎవరో నెత్తి మీది బరువు దించినట్టు భుజాలు కిందికి జారాయి.

నాకు మండిపోయింది. ఇది దాచుకుని లాభం లేదు. ఆ ముఖం కోసమే నేను చిన్నప్పటి నుంచి ఆడాను. కప్పులు తెచ్చి ఇచ్చినప్పుడు ఆ ముఖం రాలేదు. పేపర్లో నా ఫొటో పడ్డప్పుడు రాలేదు, మంచిదే అని తల ఊపాడు అంతే. ఓడిపోయానని చెప్తే వచ్చింది. "ఒక్కమాట ముందుగాల జెప్పక పోతివి?" అని అరిచాను. గేటు దగ్గరివాళ్లు తిరిగి చూశారు.

"నువ్వు సుత చెప్పక పోతివి" అన్నాడు బాపు, నవ్వుతూనే. తర్వాత నవ్వు తగ్గించి, "కొలువు పైన ఆఫీసుల ఇస్తె చెయ్యి. కిందికంటె మాత్రం వద్దను. ఆడోళ్లను సుత దింపుతుండ్రట ఇప్పుడు. నువ్వు మాత్రం దిగద్దు" అన్నాడు. దిగనని చెప్పాను. దింపితే ఏం చేస్తానో నాకు తెలియదు.

ఆయన బూట్లు నా స్కూటీకి తగిలించి, వట్టికాళ్లతో టీవీఎస్ నడిపాడు. ఇద్దరం ముందూవెనకా ఇంటికి వచ్చాం. అవ్వ నల్లా దగ్గర బిందె పట్టుకుని ఉంది. బాపు కాళ్లకు బూట్లు లేకపోవడం చూసింది, నా ఏడుపు మొహం చూసింది, బిందె వదిలేసింది. నీళ్లు వాకిలంతా పారాయి. బాయిలో ఏదో అయిందని తప్ప ఆమెకు పాపం ఇంకేం తోచి ఉంటుంది.

"ఏం గాలేదే, ఏం గాలే" అని బాపు గబగబా చెప్పాడు. "బిడ్డ ఆట ఇడిసిపెట్టింది. నేను బాయి ఇడిసిపెడుతున్న. గంతే."

అవ్వ గడప మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, దాంట్లో ఎంత దుఃఖమో ఎంత సంతోషమో నాకు తెలియలేదు. కొంచెం తేరుకున్నాక, ధర్మపురి నర్సింహస్వామికి మొక్కుకున్నానని, వెంటనే పోయి మొక్కు తీర్చుకోవాలని అంది.

"ఏం మొక్కుకున్నవే?" అన్నాడు బాపు.

"మీరిద్దరు పైలంగ ఇల్లు జేరాలని" అంది. అని నా వైపు తిరిగింది. "నువ్వు ఓడిపోవాలని మొక్కలే బిడ్డా. గట్ల ఎన్నడు మొక్కలే."

మొక్కావా అని నేను అడగనే లేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని, ఆ మాటే ఇంకోసారి చెప్పింది.